పండుగ రంగు – గోడ చెమ్మ

మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ వెంటనే సంక్రాంతి. తడి ఆరని గోడకే పండుగ రంగు వేయిస్తాం. అది మారిపోతే పెయింటరును తిట్టుకుంటాం. వెనకటి సున్నం చెమ్మను బయటికి పోనిచ్చేది. ఇప్పటి ఎమల్షన్ రంగు అంతగా పోనివ్వదు.

మరకను చూసి మందు వేయండి. నల్లగానో పచ్చగానో ఉంటే అది పాచి, బూజు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో రుద్ది కడగండి. తెల్లటి పొడి రాలితే అది ఇటుకలోని, సిమెంటులోని ఉప్పు. పొడి బ్రష్షుతో దులపండి; నీళ్లు పోస్తే మళ్లీ పూస్తుంది. కొత్త పూత మీద రంగు వెలిస్తే అది సిమెంటు క్షారం పని. పూతను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి.

అన్నిటికన్నా ముందు పిట్టగోడ పగుళ్లు, కారే గొట్టాలు బాగుచేయించండి. పండుగకు వాకిట్లో ముగ్గు చాలు. రంగు మాఘ ఫాల్గుణాల్లో వేయించండి. చెమ్మ గోడకు పెట్టిన డబ్బు నీళ్లపాలే.