మటన్ దుకాణానికి గిరాకీ: చివరి రెండు కిలోల లెక్క

(మహిళా సంఘం రుణంతో చిన్న మటన్ దుకాణం నడుపుకుంటున్న లబ్ధిదారుల శిక్షణలో తోటి దుకాణదారు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. చదివి మీ సంఘం గ్రూపులో కూడా పంపండి.)



రుణం ఎట్లా తీసుకోవాలో సార్లు పొద్దున చెప్పారు. తీసుకున్నంక దుకాణానికి మనుషులు ఎట్లా వస్తారన్నది నన్ను చెప్పమన్నారు. నేను కూడా మీలాగే గల్లీ చివర చిన్న దుకాణం నడుపుకునే దాన్ని. మా ఆయన కోస్తాడు, నేను కాంటా దగ్గర ఉంటాను. అందుకే పుస్తకంలో ఉన్న మాటలు కాకుండా కాంటా దగ్గర చూసిన మాటలే చెప్తాను.

ముందు ఒక లెక్క చూద్దాం. ధరలు ఊరిని బట్టి మారుతాయి, కాబట్టి ఇవి ఉదాహరణకే అనుకోండి. 25 కిలోల పొట్టేలును 9,000 రూపాయలకు తెచ్చాం. పొట్టేలు బరువులో సగానికి కొంచెం తక్కువే మాంసం పడుతుంది. అంటే 12 కిలోలు. కిలో 800 చొప్పున 9,600 వస్తుంది. తలకాయ, కాళ్లు, బోటీ మీద ఇంకో 1,000 వచ్చిందనుకుందాం. మొత్తం 10,600. పెట్టుబడి తీసేస్తే 1,600 మిగిలింది. అందులోనే దుకాణం కిరాయి, కరెంటు, కూలి.

ఇప్పుడు సాయంత్రానికి రెండు కిలోలు అమ్ముడుపోలేదనుకోండి. రెండు కిలోలంటే 1,600. అంటే ఆ పొట్టేలు మీద మనకు రావాల్సిన లాభమంతా ఆ చివరి రెండు కిలోల్లోనే ఉంది. మొదటి పది కిలోలు అమ్మింది పెట్టుబడి తిరిగి తెచ్చుకోవడానికే.

అందుకే గిరాకీ పెంచడమంటే పెద్ద ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి అరవడం అనుకోకండి. ఆ చివరి రెండు కిలోలు మిగలకుండా చూసుకోవడమే గిరాకీ పెంచడం. నెలకు నాలుగు ఆదివారాలు. ఆదివారానికి ఒక్క కిలో మిగలకుండా ఆపినా నెలకు 3,200. మనలో చాలామంది కిస్తీ దగ్గర దగ్గర అంతే ఉంటుంది. కిస్తీ టైముకు కట్టకపోతే వడ్డీ రాయితీ పోతుంది, సంఘంలో పదిమంది ముందు మాట పోతుంది. మనం మాట్లాడుకునేది దాని గురించే.

1. దుకాణమే మొదటి బోర్డు

కొనేవాళ్లు ముందు ముక్కుతో చూస్తారు, తర్వాత కళ్లతో. వాసన వచ్చే దుకాణం ముందు ఎంత మంచి బోర్డు పెట్టినా ఆడవాళ్లు ఆగరు. ఈ మధ్య ఏసీ పెట్టి, అద్దాల వెనక మాంసం పెట్టే పెద్ద దుకాణాలు పట్నంలో వచ్చాయి. యాప్‌లో నొక్కితే ఇంటికే తెచ్చిచ్చేవాళ్లూ వచ్చారు. వాళ్ల ఏసీతో మనం పోటీ పడలేం. శుభ్రతతో పోటీ పడగలం.

దానికి ఖర్చయ్యేది తక్కువ. ఈగలు రాకుండా ముందు జాలీ తలుపు. మొద్దును రోజూ గీకి, ఉప్పు రుద్ది, కడిగి, ఆరబెట్టడం. కత్తులు వేడినీళ్లలో కడగడం. చేతులు తుడిచే బట్ట వేరు, మొద్దు తుడిచే బట్ట వేరు. డబ్బులు ముట్టిన చేతితో మాంసం ముట్టకపోవడం. అందుకే మా దగ్గర కోసేది ఒకరు, పైసలు తీసుకునేది ఒకరు. తాజాగా కనిపించాలని మాంసం మీద నీళ్లు చల్లకండి. అది చూసినవాళ్లు తూకం కోసమే చల్లుతున్నారనుకుంటారు.

మిగిలిన మాంసాన్ని బయట వేలాడదీసి ఉంచొద్దు. ఆహార భద్రత నియమాల ప్రకారం చల్లగా ఉంచే మాంసం 5 డిగ్రీలు, అంతకంటే తక్కువలో ఉండాలి. రుణంలో ముందు కొనాల్సింది పెద్ద బోర్డు కాదు, మంచి ఫ్రిజ్. మిగిలింది ఫ్రిజ్‌లోంచి ఇస్తే "ఇది నిన్నటిది" అని చెప్పే ఇవ్వండి. ధర కొంత తగ్గించండి. నిజం చెప్పిన దుకాణానికి మనిషి మళ్లీ వస్తాడు.

వ్యర్థాలు మోరీలో వేయకండి. కుక్కలు చేరితే పక్క దుకాణం వాళ్లు ఫిర్యాదు చేస్తారు, బడికి పోయే పిల్లలు భయపడతారు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ బండికే ఇవ్వండి. రోడ్డు వైపు ఒక పరదా కట్టండి. మాంసం తినని ఇంటివాళ్లు కూడా మన గల్లీలోనే ఉంటారు. వాళ్లతో మంచిగ ఉంటే దుకాణం పదేళ్లు ఉంటుంది.

2. కాగితాలు గోడ మీద కనపడాలి

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు దుకాణంలో కనిపించేట్టు పెట్టండి. 2011 నియమాల్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారులకు లైసెన్సు కాకుండా రిజిస్ట్రేషన్ అని పెట్టారు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఇప్పటి హద్దు, ఫీజు ఎంతో దరఖాస్తు చేసేరోజు ఒకసారి అడిగి చూసుకోండి. దీనితో పాటు మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు కూడా ఉండాలి.

ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి. కాంటా మీద అంకెలు కొనేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. వాళ్లు చూస్తుండగా సున్నా చేసి, అప్పుడు మాంసం పెట్టండి. ఈ ఒక్క అలవాటు చేసే ప్రచారం పదివేల పాంప్లెట్లు చేయవు. మున్సిపల్ కబేళా ఉన్న ఊళ్లలో అక్కడే కోయించి, పశువైద్యుడి ముద్ర ఉన్న మాంసమే తెచ్చుకోండి. ఆ ముద్ర కనపడేట్టు వేలాడదీయండి.

న్యూస్‌పేపర్లో కట్టి ఇవ్వొద్దు. 2018 ప్యాకింగ్ నియమాల్లో అది నిషేధం. పలచటి క్యారీబ్యాగులు కూడా బంద్. 120 మైక్రాన్ల కంటే పలచటివి 2022 డిసెంబర్ 31 నుంచి వాడకూడదు. మన పాత పద్ధతి ఉంది కదా, మోదుగాకు, టేకు ఆకు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకు రెండు నల్లిబొక్కలు ఎక్కువ వేయండి. కవరు ఖర్చు తగ్గుతుంది, వాళ్లు పక్కింటివాళ్లకు చెప్పుకుంటారు.

3. ఏది అమ్ముతున్నామో అది చెప్పండి

పొట్టేలైతే పొట్టేలు, మేకైతే మేక. తోక తీయకుండా వేలాడదీస్తే తెలిసినవాళ్లు చూసుకుంటారు. ముసలి గొర్రెను లేత పొట్టేలని ఇస్తే ఆ రోజు కాంటా దగ్గర ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో కుక్కర్ ఆరు విజిళ్లు వేసినా ముక్క ఉడకకపోతే అప్పుడంటారు, అది మనకు వినపడదు. వచ్చే ఆదివారం వాళ్లు రాకపోవడమే మనకు తెలుస్తుంది. హలాల్ అడిగేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కాదంటే కాదనండి.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం మన తెలంగాణదే, దాదాపు 1 కోటి 90 లక్షలు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. మీ మండలంలోనే పెంచేవాళ్లు ఉంటారు. సంతలో దళారి దగ్గర కొనే బదులు నెలకు రెండుసార్లయినా మంద దగ్గరికే పోయి కొనండి. పలక మీద సుద్దముక్కతో రాయండి: "ఈ రోజు పొట్టేలు ఫలానా ఊరి మందది. కిలో ధర ఇంత." పెద్ద దుకాణాలు ఈ మాట రాయలేవు. మనం రాయగలం.

"కాళ్ల సూప్ తాగితే విరిగిన ఎముక అతుక్కుంటుంది", "ఈ లివర్‌తో షుగర్ తగ్గుతుంది" అని మాత్రం బోర్డు రాయొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టంలో 10 లక్షల దాకా జరిమానా ఉంది.

4. శనివారం సాయంత్రం ఫోను

చివరి రెండు కిలోల రహస్యం ఇక్కడుంది. ఆదివారం పొద్దున ఎవరొస్తారో చూసి కోస్తే మిగులుతుంది. శనివారం రాత్రికే ఎవరికెంత కావాలో తెలిస్తే మిగలదు.

వాట్సాప్ బిజినెస్‌కు పైసలు కట్టక్కర్లేదు. మీ దుకాణం పేరు, సమయం, ధరలు అందులో పెట్టండి. శనివారం సాయంత్రం 5 గంటలకు ఒకే ఒక మెసేజ్: "రేపు పొద్దున 6 నుంచి పొట్టేలు మాంసం. కీమా, బోటీ, తలకాయ కావాలంటే రాత్రి 9 లోపు చెప్పండి. కోసి పక్కన పెడతాం." అంతే. రోజూ గుడ్ మార్నింగులు పంపితే మనల్ని బ్లాక్ చేస్తారు. నంబరు ఇచ్చినవాళ్లకే పంపండి. కోస్తున్న జీవాల ఫోటోలు, రక్తం ఫోటోలు స్టేటస్‌లో అస్సలు పెట్టొద్దు. కడిగిన దుకాణం, పలక మీద ధర చాలు. గూగుల్ మ్యాప్‌లో కూడా దుకాణాన్ని ఉచితంగా పెట్టుకోవచ్చు. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లు అందులోనే వెతుకుతారు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ ఇంటికి చిన్న ముక్కలు, ఏ ఇంటికి కొవ్వు లేకుండా, ఎవరికి బొక్కలు ఎక్కువ. మూడోసారి వచ్చినప్పుడు అడగకుండానే అట్లా కొట్టిస్తే ఆ ఇల్లు మన దుకాణం వదలదు. పావుకిలో కొనే ముసలవ్వను కిలో కొనేవాళ్ల వెనక నిలబెట్టొద్దు. దావత్ వచ్చినప్పుడు ఏ దుకాణంలో తేవాలో ఆ ఇంట్లో చెప్పేది ఆమెనే.

5. ఏడాది లెక్క ముందే రాసుకోండి

ఆషాఢం బోనాలకు, దసరాకు, కనుమకు, మేడారం జాతర ఏడాదిలో మాఘమాసానికి గిరాకీ దానంతట అదే వస్తుంది. శ్రావణం, కార్తీకంలో పడిపోతుంది. పండుగలో వచ్చిన లాభంలోంచి ఆ రెండు నెలల కిస్తీ ముందే తీసి పక్కన పెట్టండి. ఆ నెలల్లో చిన్న జీవాలు తెండి. మామూలు రోజుల్లో మెస్సులకు, చిన్న హోటళ్లకు ఇవ్వడానికి మాట్లాడుకోండి. ధర కొంచెం తక్కువైనా రోజూ పోతుంది.

బంద్ రోజులు కూడా రాసుకోండి. గాంధీ జయంతికి మాంసం దుకాణాలు మూస్తారు. 2025లో దసరా అదే రోజు వచ్చింది. ముందురోజే ఆర్డర్లు తీసుకున్నవాళ్లకు ఇబ్బంది లేదు. దసరా పొద్దున గిరాకీ వస్తుందని జీవాలు తెచ్చి కట్టేసుకున్నవాళ్లకు మేత ఖర్చు మిగిలింది. మున్సిపాలిటీ ఉత్తర్వు వచ్చిన రోజే గ్రూపులో చెప్పండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ కొనేవాళ్లు తగ్గారు. అట్లాంటప్పుడు మటన్ వైపు కొత్తవాళ్లు వస్తారు. ఆ వారంలో ధర పెంచి దండుకోవాలని చూడకండి. భయంతో వచ్చినవాళ్లను మర్యాదగా చూస్తే భయం పోయినంక కూడా నెలకోసారైనా వస్తారు.

6. ఉద్దెర, రుణం

ఉద్దెర ఇవ్వకుండా గల్లీలో దుకాణం నడవదు. కానీ హద్దు ఉండాలి. మా దగ్గర ఒక ఇంటికి ఒక కిలో వరకే. పాతది కట్టినంకనే కొత్తది. నవ్వుకుంటూనే చెప్తాను: "అక్కా, నాకు కూడా ఐదో తారీఖు కిస్తీ ఉంది." అందరికీ ఒకే మాటైతే ఎవరూ తప్పు పట్టరు. ఫోన్‌పే, గూగుల్ పే స్కానర్ పెట్టండి. బ్యాంకు ఖాతాలో పడే ప్రతి రూపాయి రేపు పెద్ద రుణం అడిగినప్పుడు మన వ్యాపారానికి సాక్ష్యం.

సంఘం రుణం చాలకపోతే ముద్ర ఉంది. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తాకట్టు లేకుండా బ్యాంకులోనే అడగొచ్చు. విశ్వకర్మ పథకం కోసం తిరిగి రోజు పాడుచేసుకోకండి. అందులోని 18 వృత్తుల్లో మాంసం కోసే పని లేదు. పని బాగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, శుభ్రంగా కోయడం, నిల్వ చేయడం మీద శిక్షణ ఇస్తారు. సంఘం తరఫున అడిగి పదిమంది కలిసి పోండి.

ఇంటికి పోయినంక ఈ వారం మూడు పనులు చేయండి. కాంటాను కొనేవాళ్ల వైపు తిప్పండి. నోటుబుక్కులో ముప్పై ఇళ్ల పేర్లు రాయండి. శనివారం సాయంత్రం ఒక మెసేజ్ పంపండి. ఆదివారం రాత్రి ఎంత మిగిలిందో తూచి, నాలుగు వారాలు రాసుకోండి. ఆ అంకె తగ్గుతుంటే మీ గిరాకీ పెరుగుతున్నట్టే. వచ్చే నెల మీటింగుకు ఆ కాగితం పట్టుకురండి, కూర్చొని చూద్దాం.