సంఘం సొమ్ము చేతులు మారాలి



"వెలుగు పథకానికి ప్రపంచ బ్యాంకు డబ్బిచ్చిందట. అది మనం తీర్చాలా?" అని ఊళ్లలో అడుగుతుంటారు. చెబుతాను, వినండి.

ఆ పథకం 2000లో మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో తొలుత ఎన్నుకొన్న 6 జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. బ్యాంకు ఇచ్చింది దానం కాదు, దీర్ఘకాలపు అప్పు. దాన్ని తీర్చే పూచీ ప్రభుత్వానిది. అందులో పెట్టుబడి నిధి మాత్రం మహిళల గ్రామ సంఘాలకు చేరింది. మీరు సంఘానికి కట్టిన వాయిదా పైకి పోదు. ఊళ్లోనే ఉండి మరొకరికి అప్పుగా అందుతుంది.

ఒక లెక్క చూడండి. ఉభాలకు 10,000 రూపాయలు కావాలనుకోండి. షావుకారి దగ్గర నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అయితే, 6 నెలలకు 1,800 అవుతుంది. సంఘంలో 1 రూపాయి అయితే 600. మిగిలిన 1,200 మీ ఇంటివే. పైగా కళ్లంలోనే షావుకారు చెప్పిన ధరకు ధాన్యం కొలిచి ఇవ్వనక్కరలేదు.

అయితే మీరు వాయిదా ఎగవేస్తే, పక్కింటావిడ ఉభాలకు డబ్బుండదు. ఆమె మళ్లీ షావుకారి గుమ్మం ఎక్కవలసిందే. ఆ పథకం గడువు ఎన్నడో తీరింది. ఇక ఊళ్లో నిలిచేది మీరు తిరిగి కట్టిన సొమ్మే.

కనుక మూడు పనులు చేయండి. పంట రాబడికి తగినంతే అప్పు తీసుకోండి. కట్టగానే పుస్తకంలో రాయించి, చదివించుకోండి. నెలనెలా సమావేశంలో లెక్క అడగండి. అడగడం తప్పు కాదమ్మా, అది మీ సొమ్ము.