ఇళ్ల స్థలం రాదన్నాక మేం ఏం చేశాం
(మండల సమాఖ్య మహాసభలో మాట్లాడినది)

పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో ఉన్నాయి, అవి మళ్లీ చదవం. ఇళ్ల స్థలాల సంగతి ఒక్కటే చెప్తాం.

2025 జనవరి ఉత్తర్వు ప్రకారం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఆడవాళ్ల పేరున ఇస్తారు. తెల్లకార్డు ఉండాలి. సొంత ఇల్లు, స్థలం ఉండకూడదు. ఇదివరకు ఇంటి పథకంలో లబ్ధి పొంది ఉండకూడదు. ఆయిల్‌పామ్ తోటల్లో, పొగాకు బేరన్ల దగ్గర కూలికెళ్లే మా వాళ్లకి ఇవన్నీ సరిపోతాయి. అయినా ఒక సభ్యురాలికి "అనర్హురాలు" అని వచ్చింది. ఎందుకని అడిగితే "కంప్యూటర్‌లో అలా చూపిస్తోందమ్మా" అన్నారు. కంప్యూటర్ దానంతటది రాయదు గదా!

కారణం కాగితం మీద ఇమ్మని సమాచార హక్కు కింద రాయించాం. తెల్లకార్డు వాళ్లకి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబేమిటంటే, మామగారి పేరున ఇందిరమ్మ ఇల్లు ఉందట. ఆమె పేరు ఇంకా మామగారి కార్డులోనే ఉంది, ఆ ఇల్లు ఈమె లెక్కలో పడింది. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో అద్దె గదిలో ఉంటున్న మనిషి ఆమె.

చాలామంది అర్జీలో "బీదరాలిని, దయ చూపండి" అని రాస్తారు. అది చదివి అధికారి చేసేదేమీ ఉండదు. వాళ్లు చెప్పిన కారణానికే జవాబు రాయాలి. అందుకని ముందు కార్డు విడగొట్టించాం. అద్దె ఇంటాయన చేత రాయించాం. గ్రామ సంఘం తీర్మానం జతచేశాం. ముందు తహసీల్దారు గారికి, తర్వాత కొవ్వూరు ఆర్డీవో గారికి, చివరికి సోమవారం రాజమహేంద్రవరం కలెక్టరేట్‌లో ఇచ్చాం. (2022లో జిల్లాలు మారినా ఇంకా ఏలూరు బస్సెక్కేవాళ్లున్నారు!) అర్జీ నంబరు ఉన్న రసీదు లేకుండా బయటికి రాలేదు. కొన్నాళ్లకి ఫోనుకి "పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఎవ్వరూ వచ్చి చూడలేదు. అదే నంబరుతో మళ్లీ తెరిపించాం. ఈసారి ఇంటికొచ్చి విచారణ చేసి, ఆమె చేత సంతకం చేయించుకున్నారు.

వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. బస్సు చార్జీలు సంఘమే పెట్టుకుంది.

ఆమె పేరు ఇంకా జాబితాలోకి ఎక్కలేదు. ఇలాంటి అర్జీలు మా దగ్గర ఇంకో మూడున్నాయి. మీ సంఘాల్లోనూ ఉంటే భోజనాలయ్యాక మా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.