వ్రేళ్ళ కీళ్ళనొప్పులు

గుంటూరు, నరసరావుపేట, పర్చూరు, అద్దంకి ప్రాంతముల నల్లరేగడి పొలములలో కార్తీకము మొదలు చైత్రము వరకు పని యంతయు చేతివ్రేళ్ళదే. పగిలిన కాయనుండి ప్రత్తి తీయుటకును, మిరపకాయ కోయుటకును, కల్లములో తాలుకాయలు ఏరుటకును, తొడిమ త్రుంచుటకును బొటనవ్రేలు, చూపుడువ్రేలు దినమెల్ల ఒకదానినొకటి నొక్కుకొనుచునే యుండవలెను. ఈ పనులు చేయువారిలో స్త్రీలే ఎక్కువ. వ్రేళ్ళు నొచ్చినచో, “కూలి చేసే చేతులు, నొప్పులుండవా?” అని ఊరకుందురు. ఆ మాటలో కొంత నిజమును, కొంత ప్రమాదమును కలవు.

నిజమేమనగా, నడివయస్సు దాటిన పిదప బొటనవ్రేలి మొదటి కీలును, గోళ్ళ చెంతనుండు చివరి కీళ్ళును అరుగుట సామాన్యము. ముట్లుడిగిన స్త్రీలలో ఇది మరింత ఎక్కువ. చివరి కీళ్ళపై శనగగింజలవంటి గట్టి బొడిపెలు లేచును. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు హెబర్డెన్ పేరు వీనికి నేటికిని నిలిచియున్నది. వీనిని చూచి భయపడనక్కరలేదు. ఈ నొప్పి పనితో పెరిగి, విశ్రాంతితో తగ్గును. గోరువెచ్చని నీటిలో చేతులుంచి వ్రేళ్ళను మెల్లగా ముడిచి చాచుట, బొటనవ్రేలికి ఆధారపు పట్టీ, నొప్పి తగ్గించు పైపూత, మొదట ఇవి చాలును. కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావు చేసికొన్నను, బిందెను వ్రేళ్ళకొనలతోగాక రెండు అరచేతులతో ఎత్తినను కీలుపై భారము తగ్గును.

ప్రమాదము వేరొక వ్యాధివలన. దానిని రుమటాయిడ్ కీళ్ళవాతమందురు. శరీరమును కాపాడవలసిన శక్తియే కీళ్ళ లోపలి పొరపై తిరుగబడును. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పది, నలువది యేండ్లకే రావచ్చును. పిడికిలి కణుపులు, నడిమి కీళ్ళు, మణికట్లు రెండు చేతులకును వాచును. ప్రొద్దున గంటసేపు పిడికిలి పట్టదు. పనిలో దిగిన పిదప సడలును. అరుగుదల బిగుతైనచో సాధారణముగా అరగంటలో పోవును. “పనిలో పడితే సర్దుకుంటుందిలే” అని ఆ యిల్లాలు చెప్పు మాటయే వైద్యుడు శ్రద్ధగా వినవలసిన మాట. వ్యాధి నెలలలోనే ఎముకను కొరుకనారంభించును. వంకరపోయిన వ్రేలిని ఏ మాత్రయు తిన్నగా చేయజాలదు. 2006లో మన రాష్ట్రమున వ్యాపించిన చికున్‌గున్యా జ్వరము పిదప కూడ కీళ్ళు నెలలతరబడి వాచినవి. కనుక ఏది ఏదియో రక్తపరీక్షతో, వైద్యుని చేతిస్పర్శతో తేల్చుకొనవలెను. ఆరు వారములు దాటి వాపు నిలిచినచో ఆలస్యము తగదు.

దీనికి ముఖ్యౌషధము మెథోట్రెక్సేట్. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపుచుండగా, 1940ల దశకమున, మొదట రక్తపు కాన్సరు నిమిత్తము ఈ జాతి మందులు పుట్టినవి. కీళ్ళవాతమునకు దీనిని అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించినది. దీని దుష్ఫలితములు తగ్గుటకు ఇచ్చు ఫోలిక్ ఆమ్లము కూడ ఆ ప్రయోగశాలలోనే కృత్రిమముగా తయారైనది. మెథోట్రెక్సేట్‌ను వారమునకు ఒక్కదినమే వేసికొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గోడమీది పంచాంగమున ఆ వారమును గుర్తు పెట్టుకొనుట మేలు. గర్భిణులు, గర్భము కోరువారు దీనిని ముట్టరాదు. కాలేయమునకు, రక్తమునకు అప్పుడప్పుడు పరీక్షలు తప్పవు.

ఊరిలో సూది వేయించుకొనగానే నొప్పి మాయమైనచో సంతోషింపరాదు. అందు స్టెరాయిడ్ ఉండవచ్చును. పేరులేని పొడులలోను అంతే. వైద్యుడు కొలిచి, కొద్దికాలము ఇచ్చినప్పుడది మందు. ఏండ్లతరబడి వాడినచో ఎముకలు గుల్లబారును, మధుమేహము పైబడును.

మిరప పండు నాడు గనుక, మిరపకారమే నొప్పికి మందట గదాయని అడుగువారుందురు. నిజమే. కారమునకు మూలమైన కాప్సైసిన్ నొప్పిని తెలుపు నరముల చురుకును మందగింపజేయును. అతిస్వల్పముగా కలిపిన లేపనము మోకాళ్ళకు వాడుదురు. చేతులకు రాసినచో ఆ చేయి కంటికి తగులుననియే వైద్యులు సంకోచింతురు. పచ్చికారము నూరి రాసినచో చర్మము బొబ్బలెక్కును. కోతనాటి మంటకు వట్టినీరు చాలదు. కారము నూనెలో కరగును గనుక, ముందు వంటనూనె పట్టించి తుడిచి, పిదప సబ్బుతో కడుగుకొనవలెను.