ఉన్నత పాఠశాలలో సాంఖ్యక శాస్త్రము



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము, మన పిల్లలకు సాంఖ్యక శాస్త్రము నేర్పవలసిన తీరు. ఈ పేరు వినగానే ఇది ప్రభుత్వ కార్యాలయములకు సంబంధించినదే కాని మనకేల యని మీరనుకొనవచ్చును. చేను చూచి దిగుబడి చెప్పు రైతును, వామి చూచి ఎన్ని బండ్ల గడ్డియో చెప్పు వృద్ధుని మీరెరుగుదురు. అట్టి అంచనా యెంతవరకు నిజము, ఎచ్చట తప్పును, ఎంత తప్పును అని విచారించుటయే ఈ శాస్త్రము.

పదవ తరగతి గణిత పుస్తకమున దీనికొక అధ్యాయము కలదు. సగటు, మధ్యగతము, బాహుళకము అను మాటలందు వచ్చును. నేను ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో ఈ పాఠమును నల్లబల్లపై సూత్రములు వ్రాసి, పట్టికలు నింపించి, నాలుగు దినములలో ముగించెడివాడను. పిల్లలు మార్కులు తెచ్చుకొనెడివారు. ఒకనాడొక బాలుని "ఈ సగటు దేనికి పనికివచ్చునురా?" అని అడిగితిని. "రెండు మార్కులకండీ" యని అతడు బదులు చెప్పెను. నాకు కనువిప్పు కలిగెను. తప్పు బాలునిది కాదు, నాది.

అటుపిమ్మట పాఠమును చింతగింజలతో మొదలుపెట్టితిని. ఒక గాజుసీసా నిండ గింజలు పోసి, ఎన్ని గలవో చూపుతో అంచనా కట్టి, ఒకరికొకరు చెప్పుకొనక, చీటీపై వ్రాయుడంటిని. ఆ సంఖ్యలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా పేర్చినచో నట్టనడుమ నిలుచునదే మధ్యగతము. తరువాత గింజలు లెక్కించి, ఆ నడిమి సంఖ్య నిజమునకెంత దగ్గరగా నున్నదో చూచితిమి. నిర్వచనమును వల్లెవేయింప నవసరము లేకపోయెను.

ఇట్టి పరీక్ష 1906లో ఇంగ్లండు దేశమున ప్లిమత్ పట్టణపు పశుప్రదర్శనమునందు జరిగినది. ఒక బలిసిన యెద్దును చూపి, దానిని కోసి శుభ్రము చేసిన పిమ్మట తూకమెంత యుండునో చెప్పుడని పందెము పెట్టిరి. ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు సరిగా నున్న 787 చీటీలను సంపాదించి పరిశీలించెను. వాని మధ్యగతము 1207 పౌనులు. నిజమైన తూకము 1198 పౌనులు. వందల జనుల చూపు తొమ్మిది పౌనుల తేడాతో నిజమును తాకినది. కాని ఇందొక నియమము కలదు. ఎవరి మాట వారిదే కావలెను. రచ్చబండపై పెద్దరైతు ముందుగా నోరు విప్పినచో తక్కినవారెల్లరు ఆ మాటకే తలయూపుదురు గదా! అప్పుడు నూరుమంది చెప్పినను అది ఒక్కని మాటయే. అందుకే చీటీలు.

రెండవ పాఠము భూమిని గూర్చినది. ఒక పల్లెలో పదిమంది రైతులున్నారనుకొందము. తొమ్మండుగురికి రెండేసి యెకరములు, ఒకనికి 52 యెకరములు. మొత్తము 70, సగటు ఏడు యెకరములు. ఏడు యెకరములున్న రైతు ఆ యూరిలో ఒక్కడును లేడు! మధ్యగతము రెండే. "ఈ యూరివారు సగటున ఏడెకరముల ఆసాములు, వీరికి సాయమేల?" యని ఎవరైన అన్నచో, ఆ రెండు మాటల భేదమెరిగిన పదవ తరగతి బాలిక లేచి జవాబు చెప్పగలదు. సగటు అబద్ధము కాదు. అడిగిన ప్రశ్నకు తగిన జవాబు కాకపోవచ్చును.

మూడవది వయస్సుల పాఠము. పిల్లలు తమ వీధిలోని పెద్దల వయస్సు లడిగి వ్రాసికొని వత్తురు. పట్టికలో 40, 50, 60 అనువారే గుంపులుగా నుందురు. 41, 49 అనువారు అరుదు. మన దేశపు జనాభా లెక్కలయందును సున్నతోను, అయిదుతోను ముగియు వయస్సులు ఇట్లే మితిమీరి కానవచ్చినవి. దేవుడు పదేండ్ల కొకసారి మాత్రమే బిడ్డల నిచ్చెనా? కాదు; అడిగినప్పుడు మనము గుండుగా చెప్పితిమి. అంకెలు దోషరహితములు కావనియు, వాని వెనుక చెప్పినవాని నోరును, వ్రాసినవాని చేయియు గలవనియు పిల్లలు దీనివలన గ్రహింతురు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది నాలుగవ పాఠము. అది మన కంచమునకు సంబంధించినది. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనయందు పంట దిగుబడిని కట్టుటకు పంటకోత ప్రయోగములు ఆధారములుగా నున్నవి. ప్రతి రైతు చేను కొలువరు. కొన్ని చేలను ఎన్నుకొని, వరియైనచో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల మడి గుర్తించి, కోసి, నూర్చి, తూచెదరు. దానిని బట్టి ఆ ప్రాంతమునకంతటికిని దిగుబడి నిర్ణయింతురు.

ఆ మడి 25 చదరపు మీటర్లు. ఎకరమున అట్టివి సుమారు 162 పట్టును. మడిలో 12 కిలోల ధాన్యము వచ్చినచో, ఎకరమునకు 75 కిలోల బస్తాలు సుమారు 26. చూడముచ్చటగా నున్నదని ఒత్తుగా పండిన మూలను కోయగా 14 కిలోలు వచ్చెననుకొనుడు; అప్పుడు 30 బస్తాలు. మడిలో రెండు కిలోల తేడా, ఎకరమునకు నాలుగు బస్తాల తేడా! నష్టపోయిన ఊరికి పరిహారము అందుటయు అందకపోవుటయు ఇందుపై నాధారపడును. అందుచేతనే చేనునుగాని, మడినిగాని మనుష్యుని ఇష్టమునకు విడువక, చీటీ తీసినట్లు యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయింపవలెనని శాస్త్రము విధించుచున్నది. పిల్లలు బడి ప్రక్కనున్న చేలో రైతు అనుమతితో ఈ ప్రయోగమును తామే చేసిచూతురేని, ఒకసారి చీటీతోను, ఒకసారి కంటికింపైన చోటను, ఆ భేదమును జీవితమున మరువరు.

నమూనాలతో పంటల విస్తీర్ణము నంచనా వేయు పద్ధతిని మన దేశమున పెంచినవారిలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ముఖ్యుడు. వంగదేశపు జనుపచేలపై ఆయన సర్వేలు చేయించెను. 1931లో ఆయన కలకత్తాయందు స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థలో చేరి లోకప్రసిద్ధుడైనవాడు మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920లో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమభ్యసించెను. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము లభించినది. ఆ యేటనే 102 ఏండ్ల వయస్సున స్వర్గస్థుడయ్యెను.

పెద్దలారా, ఈ పాఠములకు వ్యయము స్వల్పము. కావలసినది మీ సహాయము. పిల్లవాడు పలక పట్టుకొని మీ యరుగు మీదికి వచ్చి, "తాతా, ఈ యేడు ఎన్ని బస్తాలు?" అని అడిగినప్పుడు "నీకెందుకురా" యని కసరకుడు. శిస్తు భయముతో తగ్గించియు, గొప్పకై హెచ్చించియు చెప్పకుడు. మీ నోట వెలువడిన తప్పుటంకె ఆ బిడ్డ పుస్తకమున ఒప్పుగా నిలిచిపోవును. పని ముగిసిన పిమ్మట ఆ పిల్లలను రచ్చబండకు పిలిచి, తాము కనుగొన్నదానిని అందరి యెదుట చదువుమనుడు, సందేహము లడుగుడు. రేపు పంటకోతకు ఉద్యోగి వచ్చినప్పుడు, ఈ మడిని ఎట్లు ఎన్నుకొంటిరని వినయముతో అడుగగలవాడొక్కడు ఊరిలోనున్నచో, అతడు చదివిన చదువు ఊరి కక్కరకు వచ్చినట్లే.