ఇంటి కంప్యూటరు ‘అనుమతి లేదు’ అన్నప్పుడు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసి, పులిహోర ఇంకా వడ్డించక మునుపే కంప్యూటరు గొడవ ఎత్తుకొన్నామని విసుగుకొనవద్దు. కార్యదర్శిగారు మాకు ఇచ్చినది పదిహేను నిమిషాలు. అందుచేత ఒక్క సంగతే చెబుతాము. మన ఇంటి కంప్యూటరులో మన ఫైలునే మనం తెరవబోతే, “యాక్సెస్ డినైడ్”, అనగా నీకు అనుమతి లేదు పొమ్మని యంత్రం మొగం మీదనే చెబితే ఏం చేయవలె? ఈ చిక్కుతో మన సభ్యులలో నాలుగైదు ఇళ్ళవారు మా వద్దకు వచ్చినారు.

ముందు కారణం తెలియవలె. విండోస్ నడిచే యంత్రాలలో డిస్కు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతికి ఎన్.టి.ఎఫ్.ఎస్. అని పేరు. ఇది 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చినది. ఇందులో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదవవచ్చును, ఎవరు మార్చవచ్చును అనే జాబితా కూడా ఉంటుంది. అయితే ఆ జాబితాలో వ్రాసుకొనేది మనిషి పేరు కాదు, ఒక పొడుగాటి నెంబరు. తెర మీద కనపడే “రామారావు” అనే పేరు మన సౌకర్యం కోసమే. రిజర్వేషను కౌంటరులో కూర్చొనే మాకు ఇది సులువుగా బోధపడినది. ఒకే బండిలో ముగ్గురు వెంకటేశ్వర్లు ప్రయాణం చేయవచ్చును. ఎవరి టిక్కెట్టు ఎవరిదో పి.ఎన్.ఆర్. నెంబరు చెబుతుంది. పాత కంప్యూటరు చెడి దాని డిస్కును కొత్తదానికి తగిలించినా, విండోస్‌ను మళ్ళీ మొదటినుంచి ఎక్కించినా, కొత్త రామారావుకు కొత్త నెంబరు వస్తుంది. పాత ఫైళ్ళ మీద పాత నెంబరే నిలిచి ఉంటుంది. కనుక యంత్రం ఇంటివాడినే గుమ్మంలో నిలబెడుతుంది.

మన వాడలో ఒక తల్లి ఇంట జరిగినది చెబుతాము. ఆమె భర్తగారు కాలం చేసి రెండేండ్లయినది. ఆయన తన తల్లిగారిచేత పెళ్ళిపాటలు, నలుగుపాటలు పాడించి కంప్యూటరులో పట్టి ఉంచినారు. ఏడు తరాల వంశవృక్షం తెలుగులో టైపు చేసినారు. స్వగ్రామంలోని పొలం దస్తావేజులకు ఫోటోలు తీసి పెట్టినారు. పిల్లలు కన్నడ బడిలో చదువుకొనేవారు. ఆ అవ్వ గొంతు వింటే తప్ప ఆ పాటలు వారికి తెలిసే దారి లేదు. కంప్యూటరు మూలబడగా, బాగుచేసే దుకాణం ఒకదానిలో డిస్కు చూచి, “అంతా పోయినది, ఫార్మాట్ చేస్తాము” అన్నారట. ఫార్మాట్ చేయడమంటే పలక తుడవడమే! ఆ తల్లి ఒప్పుకొనక డిస్కును చేతిసంచిలో వేసుకొని వచ్చేసినారు. ఎంత మంచి పని! అందులో పోయినది ఒక్కటీ లేదు. తాళం పడినది, అంతే.

ఆ తాళం తీసే విధం వినండి. అడ్మినిస్ట్రేటరు హోదాగల పేరుతో ప్రవేశించి, ఆ ఫోల్డరును రెండుసార్లు నొక్కండి. “కంటిన్యూ” అని చూపితే దానిని నొక్కి ఓపిక పట్టండి. ఫైళ్ళు వేలల్లో ఉంటే ఆలస్యమవుతుంది. చాలా ఇళ్ళలో పని ఇంతటితో సరి.

ఇంతటితో కాకపోతే ఫోల్డరు మీద మౌసు కుడిమీట నొక్కి ప్రాపర్టీస్, అందులో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ అనేవి వరుసగా తెరవండి. “ఓనర్” అన్నచోట ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నెంబరు కనపడితే మేము చెప్పిన పాత నెంబరు అదే. పక్కనున్న “ఛేంజ్” నొక్కి మీ పేరు వ్రాయండి. దాని క్రింద, లోపలివాటికి కూడా యజమానిని మార్చమనే చిన్న గడి ఒకటి ఉంటుంది. అందులో టిక్కు పెట్టనిదే లోపలి ఫైళ్ళు మారవు. ఎక్కువమంది చిక్కుకొనేది ఇక్కడనే. మరొక సంగతి: యజమాని అయినంత మాత్రాన చదివే హక్కు దానంతట అది రాదు. ఆ తెరను మూసి మళ్ళీ తెరచి, “యాడ్” ద్వారా మీ పేరుకు “ఫుల్ కంట్రోల్” ఇచ్చుకొనవలె. క్రిందివాటికి కూడా ఇదే వర్తింపజేయమనే గడిలోనూ టిక్కు పెట్టవలె.

ఈ వైద్యం మీ ఫోల్డరుకు మాత్రమే చేయండి. సి డ్రైవు మొత్తానికి, విండోస్ ఫోల్డరుకు చేసినారో, యంత్రమే లేవకుండా పోవచ్చును. లైనక్స్ వాడే కుర్రవాళ్ళు కొందరు చిక్కు రాగానే 777 కొడతారు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1 కలిపితే 7; మూడు ఏడులంటే యజమానికి, బృందానికి, తక్కిన లోకానికి అన్ని హక్కులూ ఇచ్చినట్లు. సంఘం హాలు తాళంచెవిని వీధిలో వ్రేలాడదీయడం వంటిది! మామూలు ఫైలుకు 644, ఫోల్డరుకు 755 చాలును.

ఇక మందులేని జబ్బు ఒకటి కలదు. బిట్‌లాకర్ వంటి రహస్యలిపిలో డిస్కు వ్రాయబడి ఉంటే యజమానిని మార్చి ప్రయోజనం లేదు. 48 అంకెల రికవరీ కీ కావలె. కొత్త లాప్‌టాపులలో చాలావాటికి ఇది మనం అడగకనే అమలులోకి వస్తుంది. కీ సాధారణంగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో చేరుతుంది. ఆ ఖాతా పాస్‌వర్డు ఇంటిపెద్ద ఒక్కరికే తెలిసి, ఆయన లేకపోతే? కాబట్టి ఆ 48 అంకెలనూ కాగితం మీద వ్రాసి దస్తావేజుల పెట్టెలో ఉంచండి. ఇది ఈ పండుగ సెలవులలోనే చేయవచ్చును.

ఆ తల్లి డిస్కులో రహస్యలిపి లేదు. పాటలు పదకొండు దొరికినవి. వాటిని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి పెన్‌డ్రైవులోకి ఎక్కించినాము. ఆ పద్ధతిలో యజమాని, అనుమతి అనేవే లేవు. దాదాపు ఏ యంత్రంలోనైనా తెరచుకొంటుంది. కనుక దానిని జాగ్రత్త చేయడం మన చేతిలోనే ఉన్నది. ఆమె అనుమతితో ఒక ప్రతి సంఘ గ్రంథాలయంలో ఉంచినాము. వినదలచినవారు ఆదివారం సాయంకాలం రావచ్చును. తాళం పడిన డిస్కులున్నవారు కూడా అప్పుడే తెచ్చుకొనండి. సెలవు.