ఆడపిల్లలో నిద్రపోయే జన్యువులు

తల్లులారా, రక్తం త్వరగా గడ్డకట్టని హిమోఫిలియా జబ్బు మగపిల్లలకే వస్తుందంటారు. పూర్తిగా నిజం కాదు.

ఆడపిల్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. పిండదశలోనే ప్రతి కణంలోనూ ఒకటి నిద్రపోతుందని 1961లో మేరీ లయన్ అనే శాస్త్రవేత్త చెప్పారు. ఎలాగంటారా? డి.ఎన్.ఏ. దారం హిస్టోన్లనే ప్రోటీన్ కండెలకు చుట్టుకుని ఉంటుంది. కండె మీద ఒకానొక చోట మిథైల్ గుర్తులు పడితే చుట్ట బిగుసుకుని, జన్యువు పని ఆగిపోతుంది. (వేరేచోట పడితే మేల్కొంటుంది కూడా!) నిద్రపుచ్చే ఏర్పాట్లలో ఇదొకటి.

ఏ ఎక్స్ నిద్రపోతుందన్నది లాటరీ వంటిది. లోపం లేనిదే ఎక్కువ కణాల్లో నిద్రపోతే ఆ అమ్మాయికీ రక్తస్రావం ఎక్కువవుతుంది. బహిష్టు ఎక్కువైతే "ఆడవాళ్లకు మామూలే" అంటారు. నాకు నచ్చని మాట. ఇంట్లో అబ్బాయికి హిమోఫిలియా ఉంటే తల్లికి, అక్కచెల్లెళ్లకు ఫ్యాక్టర్ పరీక్ష చేయించండి. కాన్పుకు, ఆపరేషన్‌కు, పన్ను పీకించుకోవడానికి ముందే డాక్టరుగారికి చెప్పండి.